పిల్లల కస్టడీ వ్యాజ్యంలో హింస ఆరోపణ ఉన్నప్పుడు కోర్టు ఏం చూస్తుంది?

మీరు రాసిన విషయాన్ని ముందుగా క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే జవాబు చాలా వరకు ఆ వివరాల మీదనే ఆధారపడి ఉంది. మీ చెల్లెలు రెండు నెలల క్రితం సూర్యాపేటలోని అత్తగారింటి నుంచి తొమ్మిదేళ్ల పాపను, నాలుగేళ్ల బాబును తీసుకొని దేవరకొండ దగ్గరి పుట్టింటికి వచ్చింది. భర్త తాగిన మత్తులో తనను మాత్రమే కాక పాపను కూడా బెల్టుతో కొట్టాడని ఆమె చెబుతున్నది. ఆయన సూర్యాపేటలో కస్టడీ కేసు వేసి, పిల్లలకు తన మీద లేనిపోనివి నూరిపోస్తున్నారని రాశాడు. పాప తల్లికి, బాబు తండ్రికి అని కాగితం రాయించి తగువు తెంపాలని పెద్దమనుషులు చూస్తున్నారు. పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసు పెడితే కస్టడీ మీకే ఖాయమని ఇంకొకరు సలహా ఇచ్చారు. ఇవన్నీ న్యాయమూర్తి ఎట్లా చూస్తారు, మొదటి వాయిదాకు పిల్లలను తీసుకుపోవాలా అన్నవి మీ ప్రశ్నలు. నల్లగొండ, మహబూబ్‌నగర్ కోర్టులలో ఇటువంటి వ్యాజ్యాలు నడిపిన వకీలుగా నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

కస్టడీ కేసులో న్యాయమూర్తి భార్యాభర్తలలో ఎవరు మంచివారో తేల్చడానికి కూర్చోరు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షణ చట్టం 13వ సెక్షన్ ప్రకారం పిల్లల క్షేమమే అన్నిటికన్నా ముఖ్యం. తండ్రి సహజ సంరక్షకుడని అదే చట్టం 6వ సెక్షన్ చెప్పినా, అయిదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని కూడా ఆ సెక్షనే చెబుతున్నది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్ పిల్లల వయసు, ఆడా మగా, మతం, సంరక్షణ కోరేవారి నడవడి, వారి శక్తిసామర్థ్యాలు, బిడ్డతో వారి దగ్గరితనం చూడమంటుంది; ఆలోచించి చెప్పగల వయసు వచ్చిన పిల్లల ఇష్టాన్ని కూడా పరిగణించవచ్చునంటుంది. ముస్లిం కుటుంబాలలో తల్లికి ఉండే హిజానత్ హక్కు, అంటే చిన్న పిల్లలను తన దగ్గర ఉంచుకొని పెంచే హక్కు విషయంలో వయసు లెక్కలు వేరుగా ఉన్నా, చివరికి అక్కడ కూడా బిడ్డ క్షేమం దగ్గరికే కోర్టు వస్తుంది. మీ మేనల్లుడికి నాలుగేళ్లు కాబట్టి ప్రస్తుతానికి చట్టం మొగ్గు తల్లి వైపు ఉంది. అయితే అయిదో పుట్టినరోజు రాగానే బిడ్డ తండ్రి చేతికి పోతాడన్న భయం గానీ, అప్పటిదాకా మనకు తిరుగులేదన్న ధీమా గానీ పెట్టుకోవద్దు. తోబుట్టువులను విడదీయడానికి న్యాయమూర్తులు సాధారణంగా ఇష్టపడరు కాబట్టి, పాప విషయంలో తేలేదాన్ని బట్టే బాబు విషయం కూడా నడిచే అవకాశం ఎక్కువ.

ఆరోపణను ఎంతవరకు రుజువు చేయాలన్నది చాలామంది తప్పుగా అర్థం చేసుకునే చోటు. క్రిమినల్ కేసులో సందేహానికి తావు లేకుండా నేరం రుజువు కావాలి. కస్టడీ సివిల్ వ్యవహారం. ఏది జరిగి ఉండే అవకాశం ఎక్కువ అన్నది చూస్తే చాలు. 2008లో నీలరతన్ కుండు వర్సెస్ అభిజిత్ కుండు కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన వివాదం ఇటువంటిదే. భార్య మరణానికి సంబంధించిన కేసులో తండ్రి నిందితుడిగా ఉండగా, కొడుకు అమ్మమ్మ తాతల దగ్గర ఉన్నాడు. కింది కోర్టులు బిడ్డను తండ్రికి అప్పగించమన్నాయి. ఆ క్రిమినల్ కేసును తండ్రి నడవడిలో భాగంగా పరిశీలించకపోవడం, బిడ్డ ఇష్టాన్ని కనుక్కోకపోవడం తప్పని చెప్పి సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసింది. శిక్ష పడేదాకా ఆగి చూడాల్సిన అవసరం కస్టడీ కోర్టుకు లేదని దీన్నిబట్టి తెలుస్తుంది. అట్లాగని ఎఫ్ఐఆర్ నంబరు చూపించగానే తండ్రి అనర్హుడు కాడు. కేసు నమోదు కావడం ఒక సమాచారం మాత్రమే. దాని వెనుక ఉన్న సంగతి ఏమిటో న్యాయమూర్తి తవ్వి చూస్తారు.

ఆ తవ్వకంలో నిలబడేది, నా అనుభవంలో, తగువు కోర్టుకు ఎక్కకముందే పుట్టిన కాగితం. పాపకు దెబ్బలు తగిలినప్పుడు పీహెచ్‌సీలో గానీ ఏరియా ఆసుపత్రిలో గానీ చూపించిన ఓపీ చీటీ, ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపవలసిన గాయాల ఆసుపత్రి నమోదు) రాసి ఉంటే దాని నకలు, బడి హాజరు పట్టీలో వరుసగా పడిన గైర్హాజరీలు, వాతలు చూసిన టీచరు, బాబు వెళ్లిన అంగన్‌వాడీ టీచరు, అరుపులు విని తలుపు తట్టిన పక్కింటివారు, 100కు గానీ 112కు గానీ చేసిన ఫోను, భర్త క్షమించమని పెట్టిన వాట్సాప్ సందేశం, ఇటువంటివన్నీ ఇప్పుడు తీరికగా రాసిన ఇరవై పేజీల అఫిడవిట్ కన్నా బరువైనవి. మన ప్రాంతంలో ఇంకో సాక్ష్యం ఉంటుంది, దాన్ని వకీళ్లు కూడా తరచుగా మరచిపోతారు. ఇదివరకు ఎన్నిసార్లు పంచాయితీ అయింది, అందులో భర్త ఇక ముందు కొట్టనని ఒప్పుకొని వేలిముద్ర గానీ సంతకం గానీ పెట్టాడా అన్నది కనుక్కోండి. పిల్లలను పంచే కాగితంగా ఆ పత్రం కోర్టును కట్టివేయదు గానీ, హింస జరిగిందని నలుగురి ముందు ఒప్పుకున్నదానికి సాక్ష్యంగా పనికి వస్తుంది. సంతకం చేసిన పెద్దమనుషులు కోర్టుకు వచ్చి చెప్పడానికి వెనకాడతారు; అయినా వారి పేర్లు సాక్షుల పట్టికలో చేర్చాలి. ఫోనులోని సందేశాలకు, రికార్డింగులకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతపరచడం మంచిది. సాక్ష్యచట్టం లెక్కన చెల్లనిదైనా, వివాదం తేల్చడానికి ఉపయోగపడితే స్వీకరించే వీలు ఫ్యామిలీ కోర్టుల చట్టం 14వ సెక్షన్ ఇస్తున్నది. కానీ ఆ వెసులుబాటు మీద ఆధారపడి కూర్చోవడం తెలివైన పని కాదు.

ఆరోపణ రాసే తీరు కూడా ముఖ్యమే. 'తరచూ చిత్రహింసలు పెట్టేవాడు' అన్న వాక్యం ప్రతి పిటిషన్‌లో ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. తేదీలు గుర్తు లేకపోతే గుర్తున్నట్టు రాయకూడదు. క్రాస్‌లో (ఎదుటి వకీలు ప్రశ్నలు వేసేటప్పుడు) మొదట పట్టుబడేది ఆ తేదీయే. బతుకమ్మ అయిపోయిన వారంలో, పత్తి ఏరే రోజుల్లో, పాప మూడో తరగతి పరీక్షలు రాస్తున్నప్పుడు అని చెప్పినా కోర్టు అర్థం చేసుకుంటుంది. ఎక్కడ, దేనితో, ఎందుకు మొదలైంది, ఎవరు చూశారు, తరువాత ఏం చేశారు అన్నవి ఉండాలి. ఇన్నేళ్లు ఎందుకు ఓర్చుకుందన్న ప్రశ్న తప్పక వస్తుంది కాబట్టి దానికి నిజమైన కారణం ఏదైనా సరే ముందే రాయాలి. తండ్రి లేని ఇంటి ఆడపిల్ల అనో, అన్న అప్పుల్లో ఉన్నాడనో చెప్పుకోవడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఇక 'భార్యను కొట్టి ఉండవచ్చు గానీ పిల్లలకు మాత్రం మంచి తండ్రి' అన్న వాదన ఎదుటి పక్షం నుంచి వస్తుంది. తల్లి మీద పడే దెబ్బలను రోజూ చూస్తూ పెరగడం పిల్లలకు హానికరమని వాదించడానికి పూర్తి ఆస్కారం ఉంది, నేను ఆ వాదనను గట్టిగా సమర్థిస్తాను. కానీ పాపను నేరుగా కొట్టిన ఘటనలు ఉన్నాయంటున్నారు కాబట్టి, వాటిని తల్లి కష్టాల వర్ణనలో కలిపివేయకుండా విడిగా రాయించండి.

నూరిపోస్తున్నారన్న ఎదురు ఆరోపణను తేలికగా తీసుకోవద్దు. 2017లో వివేక్ సింగ్ వర్సెస్ రోమాణీ సింగ్ కేసులో, ఒకరి దగ్గరే పెరిగిన బిడ్డ మనసు రెండోవారి మీద విరిగిపోయే ప్రమాదాన్ని సుప్రీంకోర్టు గుర్తించి, తండ్రి దగ్గర ఉన్న పాపను తల్లికి ఇప్పించింది. 2024లో కల్నల్ రమ్నీష్ పాల్ సింగ్ కేసులో అదే కోర్టు ఇంకొక మాట చేర్చింది: బిడ్డ మనసు విరిచారన్న ముద్రను తొందరపడి వేయకూడదు, అటువంటి పని ఫలానాది జరిగిందని నిర్దిష్టంగా చూపాలి. మీరు ఈ రెంటినీ దగ్గర పెట్టుకొని నడవాలి. ఫోను నంబరు బ్లాక్ చేయడం, బడికి వచ్చిన నాయనమ్మను గేటు దగ్గర నుంచే వెళ్లగొట్టడం, పాప ముందు తండ్రిని తిట్టడం, వద్దని పాప చేత వీడియోలో చెప్పించడం, ఇవన్నీ తరువాత మీకు వ్యతిరేకంగా వచ్చే నిర్దిష్టమైన పనులే. పాప చేత మళ్లీ మళ్లీ చెప్పించి ఫోనులో రికార్డు చేయడం అన్నిటికన్నా చెడ్డది. మూడోసారి చెప్పించినప్పుడు ఆ పిల్ల చెప్పేది జరిగిన సంగతా, పెద్దవాళ్లకు నచ్చిన సంగతా అన్నది ఎవరూ తేల్చలేరు, చివరికి నిజమైన దెబ్బ కూడా అబద్ధంలాగా కనబడుతుంది.

పోక్సో సలహా గురించి నేను సూటిగానే చెప్పాలి. పాపను తండ్రి లైంగికంగా బాధించాడని పాప స్వయంగా చెప్పినా, అటువంటి అనుమానానికి కారణమైన లక్షణాలు కనబడినా, పోలీసులకు తెలియజేయడం మీ ఇష్టాయిష్టాల మీద ఆధారపడదు; 2012 నాటి ఆ చట్టం 19వ సెక్షన్ ప్రకారం అది బాధ్యత, తెలిసి దాచడం 21వ సెక్షన్ ప్రకారం నేరం. సద్బుద్ధితో సమాచారం ఇచ్చినవారికి చట్టమే రక్షణ ఇస్తుంది. పోలీసులు 24 గంటలలోగా బాలల సంక్షేమ కమిటీకి తెలపాలి, పాప వాంగ్మూలాన్ని ఇంటి దగ్గర గానీ పాపకు ఇష్టమైన చోట గానీ యూనిఫాం లేని అధికారి, వీలైనంతవరకు మహిళా ఎస్సై స్థాయికి తగ్గని అధికారి తీసుకోవాలి, ఆడపిల్లను లేడీ డాక్టరే పరీక్షించాలి. నల్లగొండలోని భరోసా కేంద్రం హింసకు గురైన మహిళలతో పాటు ఇటువంటి పిల్లల కోసం కూడా పనిచేస్తున్నది. అయితే మీ ఉత్తరంలో బెల్టు దెబ్బల సంగతి తప్ప అటువంటిది ఏదీ లేదు. లేనిదాన్ని కల్పించి కేసు పెడితే 22వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా శిక్ష పడే వీలుంది, కస్టడీ కోర్టు మీ చెల్లెలి మిగతా మాటలను కూడా నమ్మడం మానేస్తుంది. ఆ శిక్షల కన్నా ముందు, తొమ్మిదేళ్ల పిల్ల జరగనిదాన్ని ఆసుపత్రిలో, మేజిస్ట్రేటు ముందు, విచారణ కోర్టులో చెప్పవలసి వస్తుంది. ఆ సలహా ఇచ్చినవారు ఎవరో నాకు తెలియదు గానీ వారిని ఈ కేసుకు దూరంగా ఉంచండి. జరిగినదానికి సరిపోయే చట్టాలు ఉన్నాయి: సంరక్షణలో ఉన్న బిడ్డ మీద క్రూరత్వానికి 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ఉంది, మీ చెల్లెలి కోసం గృహ హింస చట్టం ఉంది.

గృహ హింస చట్టాన్ని మన దగ్గర ఎక్కువగా మనోవర్తి, నివాసం కోసం వాడుతారు. కానీ కస్టడీ విషయంలో దానిలోని 21వ సెక్షన్ చాలా బలమైనది. మేజిస్ట్రేటు పిల్లల తాత్కాలిక కస్టడీ తల్లికి ఇవ్వవచ్చు. తండ్రి కలవడం పిల్లలకు హాని చేస్తుందని అనిపిస్తే ఆ కలయికను నిరాకరించి తీరాలని కూడా ఆ సెక్షన్ అంటున్నది. హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రానికి గానీ, ఈ చట్టం కింద నియమితుడైన రక్షణాధికారి దగ్గరికి గానీ వెళితే గృహ హింస ఘటన నివేదిక తయారు చేస్తారు. ఆ నివేదికలో పాప మీద జరిగిన హింసను విడిగా రాయించడం మరువవద్దు, ఎందుకంటే తల్లి మాట అంతా రాసుకొని పిల్లల గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టడం పరిపాటి. సూర్యాపేట కస్టడీ కేసు నడుస్తుండగా ఇది వేయవచ్చు, కాకపోతే ఒక కోర్టు ముందు ఉన్న కేసును మరొక కోర్టుకు దాచకుండా చెప్పాలి.

నిజానికి ఇటువంటి కేసులలో జయాపజయాలు చాలావరకు మధ్యంతర ఉత్తర్వులోనే తేలిపోతాయి. తుది తీర్పు వచ్చేసరికి ఏళ్లు గడుస్తాయి, అప్పటికి పిల్లలు ఎక్కడ స్థిరపడ్డారో అక్కడి నుంచి కదిలించడానికి న్యాయమూర్తికి గట్టి కారణం కావాలి. కాబట్టి ఆయన పిటిషన్‌కు జవాబుగా కౌంటర్ వేసేటప్పుడే తండ్రి పిల్లలను ఎట్లా కలవవచ్చునో మీ వైపు నుంచి ఒక ప్రతిపాదన పెట్టమని నా సలహా. అసలు చూపించబోమని మొండికేసే పక్షం మీద న్యాయమూర్తికి సహజంగానే అనుమానం కలుగుతుంది. 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు, బిడ్డ ఎవరి దగ్గర ఉన్నా రెండోవారితో కలయిక, వీడియో కాల్ వంటివి సాగేట్లు చూడాలని చెప్పింది కూడా. కోర్టు ఆవరణలో గానీ న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో గానీ, పగటిపూట, మూడో మనిషి ఎదుట, రాత్రి బసకు తీసుకుపోకుండా, తాగి వస్తే ఆనాటి కలయిక రద్దు అన్న షరతుతో అడగండి. బస్టాండులో, హోటల్లో అప్పగింతలు వద్దు. పాప భయంతో వణికిపోతున్నదని మీకు అనిపిస్తే, ఫ్యామిలీ కోర్టుల చట్టం 12వ సెక్షన్ కింద మానసిక నిపుణుడి సహాయం తీసుకోమని దరఖాస్తు వేయించండి. మీరు సొంతంగా తెచ్చుకున్న డాక్టరు కాగితం కన్నా కోర్టు పంపగా వచ్చిన నివేదికకు విలువ ఎక్కువ. రెండు నెలలు గడిచాక పరిస్థితి మారితే ఆ ఉత్తర్వును మార్చమని మీరు గానీ ఆయన గానీ అడగవచ్చు. కస్టడీ ఉత్తర్వులు ఏవీ రాతి మీద గీతలు కావు.

కోర్టు మీ ఇంటిని కూడా చూస్తుంది. పిల్లలు ఎవరి పక్కన పడుకుంటారు, మీరు ఏం చేస్తారు, ఇంట్లో తాగేవారు ఉన్నారా, పాపను బడిలో చేర్పించారా అన్నవి అడుగుతుంది. రెండు నెలలుగా చదువు ఆగి ఉంటే వెంటనే చేర్పించండి. మీ చెల్లెలికి సంపాదన లేదన్న వాదన గురించి ఎక్కువ బెంగపడనక్కర లేదు. పిల్లల ఖర్చు తండ్రి ఇవ్వవలసిందే, తల్లి పేదరికం కస్టడీకి అడ్డం కాదు. పాలమూరు వైపు నుంచి ముంబయికో పుణెకో పనికి పోయే కుటుంబాలలో తల్లీ తండ్రీ ఇద్దరూ దూరంగా ఉండి పిల్లలు అమ్మమ్మ దగ్గరనో నాయనమ్మ దగ్గరనో పెరుగుతారు. అక్కడ కూడా, నిజంగా స్నానం చేయించి అన్నం పెట్టి బడికి పంపినది ఎవరన్న ప్రశ్నే ముందుకు వస్తుంది.

సూర్యాపేట కోర్టుకు అధికార పరిధి లేదని వాదించడం మీ విషయంలో బలహీనమైన దారి. పిల్లలు మామూలుగా ఎక్కడ నివసిస్తారో అక్కడ కేసు వేయాలని 1890 చట్టం 9వ సెక్షన్ అంటుంది. రెండు నెలల ముందు వరకు వారు అక్కడే ఉన్నారు. చిన్న పిల్లలతో నల్లగొండలో బస్సు మారి ప్రతి వాయిదాకు పోవడం కష్టమని హైకోర్టులో బదిలీ పిటిషన్ వేయడం మేలు, కానీ అది తేలేలోపు సూర్యాపేట వాయిదా తప్పితే ఎక్స్‌పార్టీ అవుతుంది, అంటే మీ మాట వినకుండానే కేసు నడుస్తుంది. పోలీస్ స్టేషన్‌కు పిలిచి పిల్లలను అప్పగించమంటే, కస్టడీ తేల్చే అధికారం ఎస్సైకి లేదని, కోర్టులో కేసు ఉన్నదని కేసు నంబరుతో సహా రాసి ఇవ్వండి. పెద్దమనుషుల కాగితం మీద మాత్రం మీ చెల్లెలు సంతకం చేయకూడదు. ఇద్దరు పిల్లలను పంచిన ఆ కాగితాన్ని కోర్టు పాటించవలసిన అవసరం లేకపోయినా, బాబును ఇవ్వడానికి ఒకప్పుడు ఒప్పుకుందని, అంటే ఆయన ప్రమాదకరమని తానే నమ్మలేదని ఎదుటి వకీలు అడిగే ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఉండదు.

మొదటి వాయిదాకు పిల్లలను తీసుకుపోవద్దు. కోర్టు హాజరుపరచమని ఉత్తర్వు ఇచ్చినప్పుడు మాత్రం తప్పక తీసుకుపోవాలి. న్యాయమూర్తి సాధారణంగా ఛాంబర్‌లో తల్లిదండ్రులను, వకీళ్లను బయట ఉంచి పాపతో మాట్లాడుతారు. బడి, స్నేహితులు, ఏం తిన్నావు అంటూ మొదలుపెట్టి ఇంటి సంగతికి వస్తారు. పాప 'మా నాన్న క్రూరుడు' వంటి పెద్దల మాట వాడితే ఆ మాట ఎక్కడిదో వారికి తెలిసిపోతుంది. ఎవరితో ఉంటావని మీరు ఇంటి దగ్గర అడగవద్దు. జడ్జిగారు మాట్లాడుతారు, తెలిసింది చెప్పు, తెలియనిది తెలియదని చెప్పు, ఏం చెప్పినా ఎవరూ కోప్పడరు అని మాత్రం చెప్పండి. ఆ రోజు తండ్రి తరఫువారు వరండాలో పాపను చుట్టుముట్టకుండా ముందే కోర్టు సిబ్బందికి చెప్పి వేరే గదిలో కూర్చోబెట్టమనండి. వకీలు ఫీజు భారమైతే, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉన్నది. 15100కు ఫోను చేసి గానీ, కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇచ్చి గానీ, కౌంటర్ గడువు దాటకముందే వకీలును పెట్టించుకోండి.